ఫోటోలో కనిపించేది ఎంత, కనిపించనిది ఎంత?



ఈసారి ఎపిసోడ్‌లో వర్క్ ఫ్రమ్ హోమ్ గురించి మాట్లాడుకున్నాం. అది సాఫ్ట్‌వేర్ వాళ్ల ముచ్చట కదా, మనకెందుకు అని కొందరికి అనిపించి ఉంటుంది. నిజమే, ఇంట్లో కూర్చుని ఇటుక పేర్చలేం, ల్యాప్‌టాప్‌లో స్లాబ్ పోయలేం. మన పని మన చేతులతోనే చెయ్యాలి. కానీ ఆ పనిని చూసేవాళ్లు మాత్రం ఎప్పుడో దూరం పోయారు. ప్రాజెక్ట్ మేనేజర్ ఆఫీసులో ఉంటాడు, క్లయింట్ ఇంకో దేశంలో ఉంటాడు, జీతం లెక్క వేసేవాడు ఎక్కడ ఉంటాడో మనలో చాలామందికి తెలియదు. వాళ్లందరికీ మనం కనిపించేది ఫోన్‌లో ఫోటోగా, మిషన్‌లో పంచింగ్‌గా, కంప్యూటర్‌లో ఒక నంబర్‌గా.

నేను ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేసి గల్ఫ్‌కి వచ్చినవాణ్ని. ఇప్పుడు దుబాయ్‌లో సూపర్‌వైజర్‌గా చేస్తున్నా. పై నుంచి వచ్చే ఫోన్ ఒక చేతిలో, కింద పనిచేసే మనిషి కళ్ల ముందు, రెండింటి మధ్యలో నిలబడటమే నా ఉద్యోగం. ఎపిసోడ్‌లో టైం సరిపోక లెక్కలు వదిలేశాం. వాటిని ఇక్కడ వివరంగా రాస్తున్నా. టెక్నాలజీ మంచిదా చెడ్డదా అనే వాదన నాకు వద్దు. అది ఏం చూస్తుంది, ఏం చూడలేదు అన్నది మనకు తెలియాలి. మన జీతం, మన ప్రాణం, ఊళ్లో కట్టుకుంటున్న ఇల్లు, మూడూ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

వాట్సాప్ గ్రూపులో నడిచే సైటు

ఇప్పుడు ఏ సైటు తీసుకున్నా నాలుగైదు వాట్సాప్ గ్రూపులుంటాయి. పొద్దున టూల్‌బాక్స్ మీటింగ్ ఫోటో పెట్టాలి. పది గంటలకు మ్యాన్‌పవర్ లెక్క పెట్టాలి. కాంక్రీట్ లారీ వచ్చినప్పుడు టికెట్ ఫోటో, సాయంత్రం ప్రోగ్రెస్ ఫోటో. ఆఫీసులో కూర్చున్న మనిషికి ఇవన్నీ వరసగా వస్తే సైటు బాగా నడుస్తున్నట్టే.

దీంట్లో మంచి లేదని అనను. పది, పదిహేనేళ్ల కింద ఒక డ్రాయింగ్‌లో అనుమానం వస్తే ఇంజనీర్ వచ్చేదాకా పని ఆగేది. ఇప్పుడు ఫోటో తీసి పంపితే పది నిమిషాల్లో జవాబు వస్తుంది. నలుగురు ఖాళీగా కూర్చునే బాధ తప్పింది.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఫోటోనే పని అనుకున్నప్పుడు. ఒక ఉదాహరణ చెబుతా. ఎత్తు మీద పనిచేసే తమ్ముడు సేఫ్టీ బెల్టు వేసుకున్నాడని ఫోటోలో కనిపిస్తుంది. ఆ బెల్టు హుక్కు దేనికి తగిలించాడో సగం ఫోటోల్లో కనిపించదు. పరంజా పైపుకి తగిలించాడా, గట్టి యాంకర్‌కి తగిలించాడా, అసలు తగిలించాడా? మనిషిని కాపాడేది ఆ హుక్కే. పక్కకు పోయి చూస్తే గానీ అది తెలియదు.

ఇంకోటి. కాంక్రీట్ పోసేముందు స్టీల్ కింద కవర్ బ్లాకులు పెడతాం. స్టీల్‌కీ, బయటి గాలీ నీరుకీ మధ్య తగినంత కాంక్రీట్ మందం ఉండాలని. ఫోటో ఏ మూల నుంచి తీస్తారో ఆ మూలలో బ్లాకులు బాగానే ఉంటాయి. అవతలి మూలలో స్టీల్ షట్టర్‌కి ఆనుకుని ఉండొచ్చు. పోసేశాక ఇంక ఏ కెమెరాకూ దొరకదు. కొన్నేళ్ల తర్వాత స్టీల్ తుప్పు పట్టి కాంక్రీట్ పెచ్చులూడితేనే బయటపడుతుంది.

అందుకే నా అభిప్రాయం ఇది: దూరం నుంచి మేనేజ్‌మెంట్ చెయ్యొచ్చు, దూరం నుంచి సూపర్‌విజన్ చెయ్యలేం. మేనేజ్‌మెంట్ అంటే ఏం కావాలి, ఎప్పుడు కావాలి, ఎంతమంది కావాలి అని తేల్చడం. దానికి ఫోన్ సరిపోతుంది. సూపర్‌విజన్ అంటే చూడని మూలకు పోయి చూడటం. దానికి కాళ్లు కావాలి. ఫోటోలు వస్తున్నాయి కదా అని ఈమధ్య సైటులో ఫోర్‌మన్లను, సేఫ్టీ వాళ్లను తగ్గించే కంపెనీలు కూడా ఉన్నాయి. అక్కడ ఖర్చు తగ్గినట్టు కనిపిస్తుంది, అంతే.

ఎండను ఫోన్ చూడలేదు

కాంక్రీట్ ఎండకు వేడెక్కితే పాడవుతుందని ఇక్కడ అందరికీ తెలుసు. అందుకే ఎండాకాలం అందులో ఐసు వేస్తారు, రాత్రిపూట పోస్తారు, లారీ రాగానే థర్మామీటర్ పెట్టి చూస్తారు. మనిషికి థర్మామీటర్ పెట్టేవాడు లేడు.

చట్టం మాత్రం ఉంది. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు నేరుగా ఎండలో పని చేయించకూడదు. మీరితే ఒక్కో కార్మికుడికి 5,000 దిర్హాముల చొప్పున, 50,000 వరకు జరిమానా ఉంది. సౌదీలో అవే తేదీల్లో 12 నుంచి 3 వరకు. కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా. ఖతార్ 2021 నుంచి ఇంకో అడుగు ముందుకేసింది. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు ఉదయం 10 నుంచి 3:30 దాకా బయట పని ఆపాలి. అదీ కాక, వేడి, తేమ, గాలి, ఎండ నాలుగూ కలిపి కొలిచే లెక్క 32.1 డిగ్రీలు దాటితే ఏ టైంలోనైనా పని ఆపాలి. ఇది మామూలు థర్మామీటర్ చూపే 32 కాదు. తేమ ఎక్కువున్న రోజు ఆ లెక్క తొందరగా దాటుతుంది.

ఈ తేమ సంగతి మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. "మా జగిత్యాలలో 45 డిగ్రీలు చూసినం, ఇదేం ఎండ" అంటారు. అక్కడ ఎండ పొడిగా ఉంటుంది, చెమట పట్టగానే ఆరుతుంది, ఆరినప్పుడు ఒళ్లు చల్లబడుతుంది. ఇక్కడ సముద్రం పక్కన ఆగస్టులో చెమట కారుతుందే గానీ ఆరదు. కారిన చెమటతో ఒళ్లు చల్లబడదు, ఒంట్లో నీరు మాత్రం పోతుంది. ఫోన్‌లో టెంపరేచర్ 39 అని చూపినా ఒంటికి అంతకంటే చాలా ఎక్కువ భారం.

వడదెబ్బ తగిలేవాడు గ్రూప్ ఫోటోలో నవ్వుతూనే ఉంటాడు. దగ్గరున్నవాడికే తేడా తెలుస్తుంది. మాట తడబడుతుంది, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్తాడు, నడక తూలుతుంది, ఒళ్లు కాలిపోతుంటుంది. అప్పుడు ఫోటో తియ్యకండి, గ్రూపులో మెసేజ్ పెట్టి జవాబు కోసం చూడకండి. నీడకు లాగండి, బట్టలు వదులు చెయ్యండి, నీళ్లు కుమ్మరించండి, మెడ కింద, చంకల్లో ఐసు పెట్టండి, గాలి విసరండి. సోయి లేనివాడి నోట్లో నీళ్లు పొయ్యకండి. యూఏఈలో అంబులెన్స్ నంబర్ 998. ఫోన్ ఆ క్షణంలో దానికే వాడాలి.

కొత్తగా ఊరి నుంచి వచ్చినవాళ్లనూ, సెలవు నుంచి తిరిగొచ్చినవాళ్లనూ మొదటి వారం, పది రోజులు ఎక్కువగా గమనించాలి. ఒళ్లు ఈ ఎండకు అలవాటు పడటానికి అంత టైం పడుతుంది. మ్యాన్‌పవర్ లెక్కలో మాత్రం కొత్తవాడూ ఒకటే, పాతవాడూ ఒకటే.

మొహం చూపించిన దగ్గర్నుంచి జీతం దాకా

ఇది అందరూ జాగ్రత్తగా చదవండి. గేటు దగ్గర మిషన్‌కి మొహం చూపిస్తాం, నెలాఖరుకి కార్డులో డబ్బు పడుతుంది. ఈ రెంటి మధ్య ఏం జరుగుతుందో తెలిస్తేనే తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోగలం.

మొదట్లో వేలిముద్ర మిషన్లుండేవి. మేస్త్రీలకీ, సిమెంటులో చెయ్యి పెట్టే హెల్పర్లకీ వాటితో మహా బాధ. సిమెంటు ఘాటుకి వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి, మిషన్ గుర్తుపట్టదు. కరోనా తర్వాత చాలా సైట్లలో మొహం చూసే మిషన్లు వచ్చాయి. వీటికి వేరే బాధలు. ఎదురెండ పడితే, దుమ్ము పట్టితే, మెడకూ మొహానికీ గుడ్డ చుట్టుకుని ఉంటే గుర్తుపట్టవు.

మిషన్‌లో పడిన టైం టైమ్‌కీపర్ దగ్గరికి పోతుంది. అక్కడ టైమ్‌షీట్ తయారవుతుంది. ఓటీ ఉంటే దానికి సూపర్‌వైజర్ అప్రూవల్ కావాలి. అక్కడి నుంచి ఆఫీసులో జీతాల లెక్క. తర్వాత కంపెనీ ఒక ఫైలు తయారుచేసి బ్యాంకుకో, ఎక్స్చేంజ్‌కో ఇస్తుంది. ఆ ఫైలు ప్రభుత్వ వ్యవస్థ మీదుగా పోయి మన కార్డులో డబ్బు పడుతుంది. దాన్నే డబ్ల్యూపీఎస్ అంటారు, అంటే జీతాల రక్షణ వ్యవస్థ. యూఏఈలో 2009లో మొదలైంది, సౌదీలో 2013లో, ఖతార్‌లో 2015లో.

ఈ వ్యవస్థ వచ్చాక మనకు చాలా మేలు జరిగింది. ఒకప్పుడు జీతం చేతికిచ్చి రిజిస్టర్‌లో సంతకం తీసుకునేవాళ్లు. ఇచ్చింది ఎంత, సంతకం పెట్టింది ఎంతకి అన్నది ఆ దేవుడికే తెలియాలి. ఇప్పుడు కంపెనీ జీతాలు వెయ్యకపోతే మంత్రిత్వ శాఖకు తనంతట తానే తెలుస్తుంది, కొత్త వీసాలు ఆగిపోతాయి. అందుకే చాలా కంపెనీలు దారికొచ్చాయి.

కానీ డబ్ల్యూపీఎస్ ఏం చూస్తుంది? ఆ ఫైలులో ఫలానా కార్మికుడికి స్థిరమైన జీతం ఇంత, అదనం ఇంత, సెలవు రోజులు ఇన్ని అని ఉంటుంది. నువ్వు ఆ నెలలో నిజంగా ఎన్ని గంటల ఓటీ చేశావన్నది దానికి తెలియదు. 40 గంటలు చేసి 28 గంటలకే డబ్బు పడినా వ్యవస్థ దృష్టిలో జీతం సరిగ్గా పడినట్టే. ఆ 12 గంటలకు సాక్షి ఎవరు? మిషన్‌లో ఉన్న రికార్డు కంపెనీ దగ్గర ఉంటుంది. నీ దగ్గర ఏముంది?

లెక్క చూద్దాం. యూఏఈ చట్టం ప్రకారం మామూలు పని రోజుకి 8 గంటలు. ఓటీ మామూలుగా రోజుకి 2 గంటలకు మించకూడదు. ఓటీకి బేసిక్ జీతం మీద 25 శాతం అదనం, రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 4 మధ్యలో అయితే 50 శాతం. షిఫ్టు పద్ధతిలో చేసేవాళ్లకు ఈ రాత్రి లెక్క వర్తించదు. బేసిక్ 800 దిర్హాములు అనుకోండి. 800ని 30తో భాగిస్తే రోజుకి 26.67. దాన్ని 8తో భాగిస్తే గంటకి 3.33. దానికి 25 శాతం కలిపితే 4.17. అంటే 40 గంటలకి సుమారు 167 దిర్హాములు. 28 గంటలకే ఇస్తే 117. తేడా 50. నెలకి 50 అంటే చిన్నదిగా కనిపిస్తుంది. ఏడాదికి 600. మనలో ఎంతోమందికి అది ఇంటికి పంపే ఒక నెల డబ్బు. సౌదీలో ఓటీకి 50 శాతం అదనం, ఖతార్, కువైట్‌లలో మామూలు రోజు 25 శాతం. మీ దేశం లెక్కతో వేసుకోండి.

ఇంకో ముఖ్యమైన సంగతి: యూఏఈలో ఓటీ లెక్క బేసిక్ మీద వేస్తారు, మొత్తం జీతం మీద కాదు. ఊళ్లో ఏజెంట్ "జీతం 1,200" అంటాడు. కాంట్రాక్ట్‌లో బేసిక్ 600, మిగతాది అలవెన్సులు అని ఉంటుంది. రావడానికి ముందే బేసిక్ ఎంతో అడగండి.

గంటలు ఎక్కడ పోతాయో నేను చూసినంతలో చెబుతా:

ఒకటి, మిషన్ గుర్తుపట్టకపోయినా లైన్ వెనకాల తొందర పెడుతుంటే లోపలికి పోవడం. ఆ రోజు గైర్హాజరు పడొచ్చు.

రెండు, రాత్రి షిఫ్టు. పొద్దున బయటికి పోయేటప్పుడు చేసిన పంచింగ్ మర్నాటి తేదీలో పడుతుంది. కొన్ని కంప్యూటర్లు ఒక రోజుకి "లోపలికి" మాత్రమే ఉందనీ, మర్నాటికి "బయటికి" మాత్రమే ఉందనీ రెండు రోజులూ తప్పుగా చూపిస్తాయి. రాత్రి కాంక్రీట్ పోసిన వాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి.

మూడు, మధ్యాహ్నం వేరే సైటుకి పంపడం. పొద్దున ఒక మిషన్, సాయంత్రం ఇంకో మిషన్. రెండూ కలపకపోతే సగం రోజు పోతుంది.

నాలుగు, ఓటీ అప్రూవల్. పంచింగ్‌లో 10 గంటలు ఉన్నా, ఆ రోజు ఓటీ ఉందని సూపర్‌వైజర్ రాయకపోతే 8 గంటలే లెక్క. ఇది మిషన్ తప్పు కాదు, మనిషి తప్పు. ఓటీకి ఉండమన్నప్పుడు "అన్నా, పేరు రాసినవా?" అని అడగడానికి మొహమాటపడకండి. నన్ను రోజూ అడిగేవాళ్లున్నారు, నాకేం కోపం రాదు.

ఐదు, వారాంతపు సెలవు రోజున పని. యూఏఈలో దానికి బదులు ఇంకో రోజు సెలవివ్వాలి, లేదా ఆ రోజు కూలీతో పాటు బేసిక్‌లో కనీసం 50 శాతం అదనం ఇవ్వాలి. మామూలు రోజులాగా లెక్క వేస్తే తప్పు.

సోనాపూర్ క్యాంపు నుంచో, జెబెల్ అలీ నుంచో బస్సులో పోయే గంట, గంటన్నర సాధారణంగా పని గంటల్లోకి రాదు. అది కూడా కలిపి గొడవపడితే మన అసలు మాట బలం తగ్గుతుంది.

మన దగ్గర మన లెక్క

కంపెనీ మనల్ని ఫోన్‌లో, మిషన్‌లో రాసుకుంటుంది. మనం కూడా రాసుకోవాలి. రోజుకి ఒక్క నిమిషం పని. తేదీ, సైటు పేరు, లోపలికి ఎప్పుడు, బయటికి ఎప్పుడు, ఓటీ ఎన్ని గంటలు, ఆ రోజు ఎవరి కింద చేశాం. చిన్న నోట్‌బుక్ అయినా సరే, ఫోన్‌లో అయినా సరే. ఆ రోజు రాత్రే రాయాలి. నెలాఖరున కూర్చుని గుర్తు తెచ్చుకుని రాసిన లెక్కకి విలువ ఉండదు.

పేస్లిప్ ఇస్తే ఫోటో తీసి పెట్టుకోండి. ఇవ్వకపోతే అడగండి. కాంట్రాక్ట్ కాపీ ఫోన్‌లో ఉంచుకోండి, ఊళ్లో ఇంటికి కూడా ఒక కాపీ పంపండి.

తేడా కనిపిస్తే ముందు టైమ్‌కీపర్ దగ్గరికి పోండి. చాలా కంపెనీలు జీతాల లెక్క నెలాఖరుకి కొన్ని రోజుల ముందే మూసేస్తాయి. దానికి ముందే చెబితే చాలా తప్పులు అక్కడే సర్దుబాటవుతాయి. తర్వాత కూడా కాకపోతే నోటిమాటతో ఊరుకోకుండా మెసేజ్ పెట్టండి. "ఫలానా తేదీన ఫలానా సైటులో రెండు గంటలు ఓటీ చేశాను, లెక్కలో రాలేదు" అని రెండు లైన్లు చాలు. తిట్లు వద్దు, బెదిరింపులు వద్దు. రేపు ఎవరైనా చదివినా మీరు మర్యాదగా అడిగినట్టు కనిపించాలి.

అప్పటికీ కాకపోతే యూఏఈలో కార్మికుల ఫిర్యాదులకు 80084 నంబర్ ఉంది. మన ఇండియా వాళ్ల సహాయ కేంద్రం నంబర్ 80046342. ఇండియా ప్రభుత్వానికి మదద్ అనే ఆన్‌లైన్ పోర్టల్ ఉంది, అందులోనూ ఫిర్యాదు పెట్టొచ్చు.

ఒక జాగ్రత్త. రుజువు కావాలని పక్కవాళ్ల ఫోటోలు, సూపర్‌వైజర్ మాట్లాడే మాటల రికార్డింగులు చెయ్యకండి. యూఏఈలో ఎదుటివాడి అనుమతి లేకుండా ఫోటో తీసినా, మాట రికార్డు చేసినా నేరం అవుతుంది. మన లెక్క మనం రాసుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఊళ్లో ఇల్లు: ఇప్పుడు మేనేజర్లం మనమే

ఇంతసేపూ ఆఫీసువాడు మనల్ని ఫోన్‌లో చూసి మేనేజ్ చేస్తున్నాడని చెప్పుకున్నాం. మనం చేసేదీ అదే కదా! పిల్లల హోంవర్కు వీడియో కాల్‌లో చూస్తాం. పొలం దగ్గర మోటారుకి మొబైల్ స్టార్టర్ పెట్టించి ఇక్కడి నుంచే ఆన్ చేసేవాళ్లున్నారు. అన్నిటికంటే పెద్దది, ఊళ్లో కట్టే ఇల్లు. పదేళ్ల కష్టం అందులో పెడతాం. మేస్త్రీ వాట్సాప్‌లో ఫోటో పెడతాడు, మనం డబ్బు పంపుతాం. రోజంతా సైటులో పనిచేసే మనకే ఫోటోలో ఏం దాగుతుందో తెలుసు. అయినా సొంత ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఫోటో చూసి సంతోషపడిపోతాం.

కాబట్టి మేస్త్రీని ఇవి అడగండి.

స్టీల్ వచ్చిన రోజు కాటా చీటీ. రాడ్ ఎంత బరువుండాలో మనమే లెక్క కట్టొచ్చు. రాడ్ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. 12 ఎంఎం రాడ్ మీటరుకి 0.89 కిలో, 12 మీటర్ల రాడ్ సుమారు 10.7 కిలోలు. 8 ఎంఎం మీటరుకి 0.395 కిలో. రాడ్ల సంఖ్యకీ, కాటా బరువుకీ పెద్ద తేడా ఉంటే సరుకులోనో లెక్కలోనో మోసం ఉన్నట్టే.

సిమెంటు బస్తా మీద తయారైన వారం, సంవత్సరం ముద్ర ఉంటుంది. దాని ఫోటో అడగండి. మూడు నెలలు దాటిన సిమెంటు వద్దనండి. వానాకాలం ఇంకా తొందరగా గడ్డకడుతుంది.

స్లాబ్ పోసేముందు ఫోటోలు కాదు, ఆపకుండా తీసిన ఒక వీడియో కావాలి. ఒక మూల నుంచి మొదలుపెట్టి నాలుగు మూలలూ తిరిగి, రాడ్ల మధ్య దూరం టేపుతో కొలిచి చూపించాలి. కవర్ బ్లాకులు కనపడాలి. మామూలుగా స్లాబ్‌కి 20 మిల్లీమీటర్లు, పిల్లర్లకి 40, ఫుటింగ్‌కి 50. బ్లాకుల బదులు కంకర రాయి పెట్టి ఎత్తితే ఒప్పుకోకండి.

పోసే రోజు ఇంటి మనిషి ఒకరు అక్కడ నిలబడాలి. నాన్నో, బావమరిదో, తెలిసిన అన్నో. వాళ్లకి ఇంజనీరింగ్ తెలియకపోయినా ఫర్వాలేదు. ఒక్కటే చూడమనండి: కాంక్రీట్ తేలిగ్గా జారాలని అదనంగా నీళ్లు పోస్తున్నారా? అదనపు నీళ్లు పనివాడికి సుఖం, ఇంటికి నష్టం. ఎండిన తర్వాత ఏ ఫోటోలోనూ ఆ నీళ్లు కనిపించవు.

తడపడం. మామూలు సిమెంటు అయితే కనీసం 7 రోజులు, పీపీసీ సిమెంటు అయితే 10 రోజులు తడి ఆరకూడదు. తడిపిన స్లాబూ, తడపని స్లాబూ పదిహేను రోజుల తర్వాత ఫోటోలో ఒకేలా బూడిద రంగులో ఉంటాయి. రోజుకి రెండుసార్లు వీడియో కాల్ చేసి నీళ్లు నిలిచి ఉన్నాయా చూడండి. ఇంట్లోవాళ్ల బాగోగులతో పాటు దీన్నీ అడగండి.

సెంట్రింగ్ తొందరగా విప్పనివ్వకండి. స్లాబ్ కింద సపోర్టులు నాలుగున్నర మీటర్ల లోపు వెడల్పుకి కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు. బీముల కింద 14 రోజులు. సెంట్రింగ్ అద్దె పెరుగుతుందని మేస్త్రీ తొందరపెడతాడు. ఆ అద్దె మనం భరించడమే మంచిది.

డబ్బు దశల వారీగా పంపండి. ఫుటింగ్, బేస్‌మెంట్, స్లాబ్, గోడలు, ప్లాస్టరింగ్. ఒక దశ అయ్యాక, ఇంటి మనిషి చూసి చెప్పాక, ఆ దశ డబ్బు. ఏ తేదీన ఎంత పంపామో ఇదివరకు చెప్పిన నోట్‌బుక్‌లోనే ఇంకో పేజీలో రాయండి. మేస్త్రీ మంచోడైనా సరే. లెక్క ఉంటే మంచోడితో స్నేహం చెడదు.

రీల్‌లో దుబాయ్

ఇప్పుడు సినిమాల సంగతి. చాలాకాలం తెలుగు సినిమాలో దుబాయ్ అంటే పాట తీసే చోటు. ఎత్తైన మేడలు, కార్లు, ఎడారిలో డాన్సు. 2024లో వచ్చిన మలయాళం సినిమా ఆడుజీవితం చాలామంది క్యాంపుల్లో ఫోన్‌లో చూశారు. బెన్యామిన్ 2008లో రాసిన నవల దానికి ఆధారం. ఎయిర్‌పోర్టులో దిగిన మనిషిని ఎడారిలోకి తీసుకుపోయి గొర్రెల మధ్య వదిలేస్తారు. ఆ కథ జరిగిన కాలంలో మొబైల్ లేదు. వాడు ఎక్కడున్నాడో ఇంటివాళ్లకు తెలిసే దారి లేదు.

ఇప్పుడు అందరి చేతిలో ఫోన్ ఉంది. మరి ఇంటికి మన సంగతి నిజంగా తెలుస్తోందా? శుక్రవారమో ఆదివారమో శుభ్రమైన చొక్కా వేసుకుని బుర్జ్ ఖలీఫా ముందు రీల్ తీస్తాం. ఒక గదిలో ఎనిమిది మంది ఉంటామని అందులో ఉండదు. అప్పు ఇంకా తీరలేదని ఉండదు. ఇంటివాళ్లు బాధపడకూడదనే అలా చేస్తాం, తెలుసు. కానీ ఆ రీల్ ఇంటివాళ్లే కాదు, ఊళ్లో పదో తరగతి తప్పిన కుర్రాడూ చూస్తాడు. ఏజెంట్ కూడా చూపిస్తాడు. "మీ ఊరోడే, చూడు ఎట్లున్నడో" అని విజిట్ వీసా మీద పంపి లక్షలు గుంజుతాడు.

రీల్స్ మానేయమని నేను చెప్పను. రోజంతా దుమ్ములో ఉన్నవాడికి ఒక పాట, ఒక నవ్వు కావాలి. కానీ "దుబాయ్ వస్తా అన్నా" అని ఊరి కుర్రాడు మెసేజ్ పెట్టినప్పుడు రీల్ కాకుండా లెక్క చెప్పండి. బేసిక్ ఎంత, తిండికి ఎంత, అప్పు తీరడానికి ఎన్ని నెలలు. ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఏజెంట్‌కి లైసెన్స్ ఉందో లేదో చూసుకోమనండి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రాలో ఏపీఎన్ఆర్‌టీ లాంటి ప్రభుత్వ సంస్థలున్నాయి, అక్కడ అడగమనండి.

ఈ వారం మీరు చెయ్యాల్సింది ఒక్కటే. ఈ రాత్రి నుంచి మీ గంటలు మీరు రాయడం మొదలుపెట్టండి. నెల తర్వాత పేస్లిప్ పక్కన పెట్టి చూసుకోండి. లెక్క కలిసినా, కలవకపోయినా ఎపిసోడ్ కింద వాయిస్ మెసేజ్ పెట్టండి, కంపెనీ పేరు మాత్రం చెప్పకండి. వచ్చే ఎపిసోడ్‌లో గ్రాట్యుటీ లెక్క మాట్లాడుకుందాం. అప్పటిదాకా నీళ్లు బాగా తాగండి, హుక్కు తగిలించుకోండి.